అక్క పొయ్యికి బిగించిన క్లచ్ వైరు

1984 ఆగస్టు 17, శుక్రవారం. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. స్థలం: జహీరాబాద్, మా వంటిల్లు. హాజరైనవారు: నేను, మా అక్క, నా భార్య, గ్యాస్ ఏజెన్సీ మెకానిక్.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. దాని కిందనే "పరీక్ష పూర్తయింది, లోపాలు లేవు" అని రాసి, అదే రోజు సాయంత్రం ఆ వాక్యాన్ని కొట్టేశాను. నా డైరీల్లో కొట్టివేతలు చాలా తక్కువ. ఆ గీత మాత్రం కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఏదైనా పట్టుకుంటే తప్ప నిలబడలేదు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయిన తర్వాత మా ఇంటి వంట ఆమెదే. నేల మీద పీట వేసుకుని, ముందు కట్టెల పొయ్యి, తర్వాత కిరసనాయిలు స్టవ్, అన్నీ చేతికి అందేలా చుట్టూ పేర్చుకుని పదిమందికి వండేది. నా పెళ్లయ్యాక కూడా ఆ ఏర్పాటు మారలేదు. నా భార్య కూరగాయలు తరిగేది, పిండి తడిపేది. పొయ్యి మాత్రం అక్కది.

ఏళ్ల తరబడి ఎదురుచూసిన గ్యాస్ కనెక్షన్ 1983లో వచ్చింది. సిలిండర్ కంటే స్టవ్ ఎత్తులో ఉండాలన్నాడు మెకానిక్. నేను ఉత్సాహంగా కట్టెల పొయ్యి పడగొట్టించి, గోడవారగా తాండూరు బండతో గట్టు వేయించాను. అక్క కోసం ఎత్తైన స్టూలు చేయించాను. కొలతలన్నీ సరిగానే తీసుకున్నాననుకున్నాను. తీసుకోని కొలత ఒక్కటే: స్టూలు మీద కూర్చున్న మనిషికి గిన్నె అంచు మొహానికి ఎంత దగ్గరలో ఉంటుందన్నది.

జూన్‌లో ఒకరోజు అన్నం గిన్నె పొంగింది. మంట తగ్గించడానికి అక్క చెయ్యి పెట్టింది. గ్యాస్ స్టవ్‌లో చెయ్యి పెట్టవలసిన చోటు, గంజి వచ్చి పడే చోటు ఒకటే. మనమైతే వెనక్కి గెంతుతాం. అక్క గెంతలేదు. మణికట్టు మీదా, ఒళ్లోనూ మరిగే గంజి పడింది. దవాఖానలో పదకొండు రోజులు కట్టు మార్పించాను.

ఇక వంటింట్లోకి వద్దన్నాం. ప్రేమతోనే అన్నాం. అక్క వారం రోజులు వరండాలో కూర్చుని, చిక్కుడుకాయలు గిల్లి, ఒక పొద్దున నాతో చెప్పింది.

"తమ్మీ, నేను చిన్నోని దగ్గరికి రాయికోడ్ పోత."

"ఎందుకక్కా? ఈడ నీకేం తక్కువైంది?"

"తక్కువ గాలే, ఎక్కువైంది. కూసోబెట్టి తినవెడుతున్రు. చిన్నోని ఇంట్ల ఇంక కట్టెల పొయ్యే ఉంది. గా పొగల నేను మనిషిలెక్క ఉంట."

రాయికోడ్‌లో మా తమ్ముడిది వ్యవసాయం. మనిషి మంచివాడే. కానీ ఆ ఇంట్లో మరుగుదొడ్డి లేదు, చేలోకి పోవాలి. అక్క అక్కడ ఎలా నెట్టుకొస్తుందో తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. శ్రావణం దాకా ఆగమన్నాను. గిన్నె దగ్గరికి చెయ్యి పెట్టకుండానే మంట తగ్గించే ఉపాయం చేస్తానన్నాను. చేయలేకపోతే తమ్ముణ్ణి నేనే పిలిపిస్తానన్నాను. అక్క వేళ్ల మీద లెక్కపెట్టి, ఆగస్టు 18, శనివారం అని గడువు పెట్టింది. తమ్ముడికి కార్డు కూడా తనే రాయించింది: ఆ రోజు మొదటి బస్సుకు రమ్మని.

ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. దూరం నుంచి లివర్ లాగితే పని జరిగే యంత్రాలు రోజూ చూసేవాణ్ణి. అయినా ఆ రెండు నెలలు నాకు మనశ్శాంతి లేదు. యంత్రం తప్పుచేస్తే పని ఆగుతుంది. ఇది తప్పుచేస్తే ఇల్లు పోతుంది. డ్యూటీలో సైరన్ మోగినప్పుడల్లా మా వీధివైపు చూసేవాణ్ణి.

గ్యాస్ ఉండే భాగం ఏదీ విప్పకూడదని మొదటి పేజీలోనే రాసుకున్నాను. స్టవ్ మీద తిప్పే బుడిపె ఊడదీసి, లోపలి ఇత్తడి కాడకు ఏదో ఒకటి తగిలించాలి, అంతే. మొదట పొడవాటి చెక్కకు రెండు కొమ్ములు చేసి తిప్పి చూశాను, జారింది. తర్వాత నులక తాడు, కప్పీ. తాడు మంటకు కమిలింది. మూడోసారి స్కూటర్ క్లచ్ వైరు తీసుకున్నాను. కాడకు చిన్న ఇనుప చెయ్యి బిగించి, దానికి వైరు కట్టి, వైరు రెండో కొసను స్టూలుకు ఎడమపక్క గోడకు కొట్టిన పిడికి కలిపాను. పిడి లాగితే గ్యాస్ తెరుచుకుంటుంది. పిడి పక్కన గాడిలా కోసిన మెట్టులో ఆనిస్తే మంట అలాగే నిలుస్తుంది. మెట్టు తప్పిస్తే కాడ దగ్గర బిగించిన స్ప్రింగు వెనక్కి లాగి మూసేస్తుంది. చెయ్యి అదిరినా, మనిషి భయపడినా, తెరుచుకోవడం కాదు, మూసుకోవడమే జరగాలి. నేను పట్టుకున్న సూత్రం అదొక్కటే.

స్ప్రింగు దగ్గర మాత్రం చాలా తికమకపడ్డాను. గట్టి స్ప్రింగు వేస్తే అక్కకు కాలిన మణికట్టు నొప్పి పెట్టింది. మెత్తటిది వేస్తే హాయిగా లాగింది. మెత్తటిదే ఉంచాను. గ్యాస్ లేకుండా నలభైసార్లు, గ్యాస్ పెట్టి నలభైసార్లు నడిపి చూశాను. ప్రతిసారీ మూసుకుంది.

శుక్రవారం సెలవు పెట్టి మెకానిక్‌ను ఇంటికి పిలిచాను. అతను సబ్బునీళ్లు పూసి చూశాడు. బుడగ ఒక్కటి కూడా రాలేదు. పిడిని నాలుగైదుసార్లు ఆడించి తల గోక్కున్నాడు.

"సార్, మంచిగనే ఉంది. గని గిది కంపెనీ మాల్ గాదు. నేనొచ్చి చూసిన్నని ఎవలికి జెప్పకున్రి."

"ఎందుకు, భయమా?"

"భయం గాదు సార్. రేపు ఊరంత గిట్లనే బిగియ్యమంటే నేను స్కూటర్ మెకానిక్‌ను అయిపోత."

అక్క పడిపడి నవ్వింది. జూన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నేను డైరీలో ఆ వాక్యం రాసి, మెకానిక్‌ను స్కూటర్ మీద దింపిరావడానికి వెళ్లాను. శ్రావణ శుక్రవారం కనుక, ఇంట్లోకి వచ్చిన కొత్త వస్తువుకు బొట్టు పెట్టక తప్పదని నా భార్య పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. వెళ్తూ వెళ్తూ, పిడికి పెట్టుకో, వైరుకు వద్దు అని చెప్పాను. తిరిగొచ్చేసరికి పిడి మీద అయిదు పసుపు బొట్లు, మధ్యలో కుంకుమ ఉన్నాయి. మనసు తేలికపడింది.

సాయంత్రం నాలుగు గంటలకు అక్క స్టూలెక్కింది. మొదట పాలు పొంగిద్దామంది. ఎడమచేత్తో పిడి లాగి మెట్టులో పెట్టి, కుడిచేత్తో లైటర్ నొక్కింది. మంట వచ్చింది. గిన్నె పెట్టింది. మేమిద్దరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. పాలు లేచాయి. అక్క చెయ్యి స్టవ్ వైపు పోలేదు. పిడి మెట్టు తప్పించింది. మంట చప్పున తగ్గింది. నాలుగు చుక్కల పాలు బర్నర్ మీద పడి చుంయ్‌మన్నాయి. మంట పోయింది.

"ఇగో సూడు! ఒక్క చుక్క మీద వడలే!" అని నా భార్య చప్పట్లు కొట్టింది. నేను గడియారం చూసి టైము రాసుకుంటున్నాను.

"తమ్మీ," అంది అక్క మెల్లగా, "వాసనొస్తుంది."

మంట ఆరింది స్ప్రింగు వల్ల కాదు, పాల వల్ల. గ్యాస్ మూసుకోలేదు. చిన్నగా, కనబడకుండా వస్తూనే ఉంది. రెండు నెలలుగా దేనికి భయపడ్డానో అది ఎదురుగా ఉంటే, నేను చేతిలో పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. అక్కే వంగి, గట్టు కిందకు చెయ్యి చాపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసింది.

అప్పుడు నేను "లైటు ముట్టకు! స్విచ్చి ముట్టకు!" అని అరుస్తూ కిటికీలు తెరిచి, అక్కను ఎత్తుకుని వరండాలో కూర్చోబెట్టాను.

వాసన పూర్తిగా పోయాక అంతా విప్పాను. పిడి దగ్గర వైరు తొడుగులోకి దూరే మూతి ఉంటుంది. అక్కడ పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. తడిగా ఉన్నప్పుడు వైరు జారింది. వంటింటి వేడికి ఎండేసరికి పట్టేసింది. మెత్తటి స్ప్రింగుకు దాన్ని లాగే బలం లేదు.

నా భార్య అది చూసి గోడకు చేరగిలబడింది.

"నేనే గదా పెట్టిన. నా చేతులతోనే వదినను సంపుకుంటుంటి!"

"నీ తప్పు కాదు," అన్నాను. మాట పైకి అలా అన్నాను గాని, వైరుకు వద్దని చెప్పాను కదా అని లోపల కోపం రగులుతూనే ఉంది. నిజానికి తప్పు నాదే. ఫ్యాక్టరీలో ఆయుధపూజ అయ్యాక ప్రతి యంత్రాన్నీ తుడిచి, ఒకసారి ఖాళీగా నడిపి చూశాకే పనికి పెడతాం. ఆ నియమం పెట్టింది నేను. ఇంట్లో పూజ తర్వాత పిడి ఒక్కసారి కూడా ఆడించి చూడలేదు. పరీక్ష పూర్తయిందని అప్పటికే రాసేశాను కదా.

ఆరు గంటలకు పాత బుడిపె తిరిగి బిగించాను. వైరు, పిడి, స్ప్రింగు ఒక గోనెసంచిలో వేశాను. అక్క తన ట్రంకుపెట్టె దింపమంది. చీరలు ఒక్కొక్కటే మడిచి పెట్టుకుంది. నా భార్య ఏడుస్తూనే ఉంది. అక్క ఆమె వైపు చూడకుండా మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది. భయపడే రాయికోడ్ పోతోంది, ఇక ఆపే హక్కు నాకు లేదు అనుకున్నాను.

మరునాడు పొద్దున ఆరు గంటలకు లేచేసరికి అక్క వంటింటి నేల మీద పీట వేసుకుని కూర్చుంది. ఒళ్లో గోనెసంచి. పక్కన చిప్పలో కిరసనాయిలు. పాతగుడ్డతో వైరు తోముతోంది. నా భార్య నీళ్లబిందెతో లోపలికొచ్చి ఆగిపోయింది.

"ఇద్దరు ఈడ కూసోన్రి," అంది అక్క. "పసుపు ఆమె వెట్టలే. నేను వెట్టిన."

"బొట్లు నేను పెట్టిన గదా వదినా?"

"నువ్వు అయిదు బొట్లు వెట్టి దీపం ముట్టియ్య పోయినవ్. పసుపు గిన్నె నా చేతులనే ఉండె. నా కోసం చేసిన పనాయె, అయిదు బొట్లేం సరిపోతయని గడపకు పూసినట్టు పిడి మొత్తం పూసిన. మిగిలింది గా బొక్కల వడ్డది. మంచిగ కనవడలేదని పైపైన తుడిచి నీ అయిదు బొట్లు మళ్ల నేనే వెట్టిన." గుడ్డ పక్కన పెట్టింది. "నిన్న చెప్పనీకి నోరు రాలే. చెప్తె పొయ్యి మళ్ల ముట్టనియ్యరని."

నా భార్య బిందె దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సాయంత్రమంత నేను ముక్కు చీదుకుంట ఏడుస్తుంటే నువ్వు చీరలు మడుచుకుంటివా?"

"మడుచుకుంటి."

"జర సిగ్గుండాలె వదినా!"

"ఉండె. అందుకే పెట్టె సదురుకున్న."

నా భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. రాత్రంతా నా భార్య మీద పెట్టుకున్న కోపం ఎక్కడ దించాలో తెలియలేదు.

"నువ్వేం జూస్తున్నవ్?" అంది అక్క నాతో. "చిన్నోడు ఎనిమిదికి వస్తడు. గట్టి స్ప్రింగు ఉన్నదంటివి గదా, అది తెచ్చి బిగియ్యి."

"నీ చెయ్యి నొస్తది అక్కా."

"నొస్తే నొస్తది. నా చెయ్యి."

గట్టి స్ప్రింగు బిగించాను. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడుగు మూతికి టోపీలా తొడిగాను. సబ్బునీళ్లతో చూశాను. గ్యాస్ పెట్టి ఇరవైసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఒకటోసారి లాగబోతే అక్క నా చెయ్యి తోసేసింది.

ఎనిమిదింపావుకు తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో ట్రంకుపెట్టె చూసి, ఎత్తి బరువు చూసుకున్నాడు.

"అక్కా, ఇంతేనా సామాను? పోదాం పా. బయట రిక్షా ఆపిన."

"రిక్షా పంపియ్యి. కూసో, చాయ తాగి పో."

"పోవుడేంది? నిన్ను తోల్కపోదామని గదా వచ్చిన!"

"చాయ తాగమన్న గదర."

అక్క స్టూలెక్కి పిడి లాగింది. కాలిన మణికట్టు బిగిసి, పెదవి పంటికింద నొక్కుకుంది. మంట వచ్చింది. నేను గట్టు పక్కన వంగి రెగ్యులేటర్ మీద చెయ్యి వేసి ఉంచాను. చాయ పొంగింది. ఆమె మెట్టు తప్పించింది. టక్కుమని శబ్దం వచ్చి మంట ఆరింది. నేను బర్నర్ దగ్గర మొహం పెట్టి వాసన చూశాను. లేదు. మళ్లీ చూశాను.

"అన్నా, గదేంది, పొయ్యిని ముద్దు వెట్టుకుంటున్నవా?" అన్నాడు తమ్ముడు.

అక్క చాయ వడపోసి అతని చేతికిచ్చింది. తర్వాత బియ్యం కొలవమని నా భార్యతో చెప్పి, నా వైపు తిరిగింది. "నువ్వు ఇగ చెయ్యి తియ్యి తమ్మీ. డ్యూటీకి టైమైతుంది."

చెయ్యి తీశాను. తమ్ముడు పది గంటల బస్సుకు ఒక్కడే రాయికోడ్ వెళ్లాడు. నేను ఫ్యాక్టరీకి పదకొండింటికి చేరాను. అంతకు ముందు, అన్నం గిన్నె ఎసరు మరిగి, పొంగి, దిగేదాకా గుమ్మం బయట, అక్కకు కనబడకుండా నిలబడి ఉన్నాను.