ఏడవని పిల్లతో బెజవాడకు

మంగళగిరిలో మా చెల్లెలు సుబ్బులు కూతురు ఏడాదిన్నరకు కూడా కూర్చోలేదు. ఏడుపన్నది తెలియదు గనక వీధివీధంతా బుద్ధిమంతురాలన్నారు. బెజవాడ పిల్లల డాక్టరు గారు మాత్రం గొంతులోని థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదన్నారు. రోజూ ఒక బిళ్ల నూరి పాలలో కలిపి పట్టమన్నారు. మూడు నెలలకు పిల్ల కూర్చుంది, నోరు విప్పింది, ఇల్లు పీకి పందిరేసింది. ఉన్నట్టుండి మళ్లీ మెత్తబడిపోయింది. మందు వికటించిందని తన అత్తగారు మానిపించారని చెల్లెలు చెప్పింది. ఆ ముసలావిడను మనసులో తిట్టుకుంటూ నేను ప్రయాణం కట్టాను.

పొద్దున ఏడింటి బండికి టిక్కెట్టు రెండణాలు. కృష్ణ దాటేదాకా పిల్ల కిక్కురుమనలేదు. స్టేషను నుంచి గవర్నరుపేటకు జట్కా నాలుగణాలు. ఇంత నెమ్మదస్తురాలికి జబ్బేమిటండీ, మా ఇంటి పిశాచాలను చూస్తే ఏమంటారో అన్నాడు జట్కావాడు. చెల్లెలు నవ్వలేదు. తొమ్మిది లోపే వెళ్లాం గనక ఎక్కువసేపు కూర్చోవలసిన పని లేకపోయింది.

డాక్టరు గారు పిల్ల నాలుక చూసి, మందు ఎందుకు ఆగిందని అడిగారు. నేను అత్తగారి మీద మొదలుపెట్టాను. చెల్లెలు అడ్డం వచ్చింది.

"అత్తయ్య కాదండీ, నేనే మానేశాను. ఒళ్లో పెట్టుకుంటే దారం లాగేస్తుంది, దింపితే ఏడుస్తుంది. నేను కండెలు చుట్టకపోతే మా ఆయన మగ్గం ఆగిపోతుందండీ. మందు మానితే నెమ్మదించింది. అట్లాగే నెల అయిపోయింది."

డాక్టరు గారు కోప్పడలేదు. "ఆ ఏడుపే మందు పనిచేస్తోందనడానికి గుర్తమ్మా. మానిన రోజుల్లో దీని తెలివి ఎదగదు. ఆ రోజులు నేను తిరిగి ఇవ్వలేను. బతికినన్నాళ్లూ వెయ్యాలి."

చెల్లెలు నీళ్లడిగి అక్కడే ఒక బిళ్ల నూరి పట్టింది. అది చూసి నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చి అత్తగారికి జరిగింది చెప్పాను. ఆవిడ కోడలిని పల్లెత్తు మాట అనలేదు. రాట్నం తన ముందుకు లాక్కుని, "కళ్లు ఆనకపోయినా చేతులు ఆడతాయిలే. కండెల సంగతి నేను చూస్తాను. నువ్వు పిల్లను ఎత్తుకో," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు నెలలు బిళ్లల లెక్క అడిగానే గానీ ఆ ఇంట్లో పని ఎట్లా సాగుతోందని ఒక్కసారీ అడగలేదు.

ఇదే పని మీద వెళ్లేవారు ఏడింటి బండికే వెళ్లండి, నెలకు సరిపడా బిళ్లలు ఒకేసారి తెచ్చుకోండి. బయలుదేరే ముందు మాత్రం, పిల్ల ఏడిస్తే ఎత్తుకునేదెవరో ఇంట్లో తేల్చుకోండి.