కంజర వాయించిన అమ్మాయి

నా చిన్నప్పుడు సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో మా నాన్న టోపీని ఎరగని తెలుగువాళ్లు లేరు. ఓడరేవులో సరుకు దించే పని ఆయనది. ఎవరో అమెరికా నావికుడు వెళ్తూ వెళ్తూ ఆ వెడల్పు అంచుల టోపీ, ఒక పాత గిటారు ఆయన చేతిలో పెట్టి పోయాడట. అంతే, నాన్నకు ఆ దేశపు పల్లెపాటల పిచ్చి పట్టుకుంది. నరసాపురం దగ్గర ప్రార్థన పాటలు పాడుతూ పెరిగిన మనిషి, రేడియోలో గుర్రాల పాటలు, రైళ్ల పాటలు విని, అదే నడకలో దేవుడి మీద తెలుగు పాటలు కట్టేవారు. ఇంగ్లీషు పాటలైతే తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడేవారు. పేరూ రాలేదు, రికార్డూ రాలేదు. కానీ తెలుగువాళ్లింట పెళ్లయినా, చావయినా ముందు కబురు మా నాన్నకే వచ్చేది.

అమ్మ పోయాక నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వెంట తిప్పుకునేవారు. ఊరికే కూర్చోవడం ఎందుకని నా చేతికి కంజర ఇచ్చారు. మా క్రైస్తవ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. పాడేవాళ్లు పాటకు ముందు నాలుగు మాటలు సాక్ష్యం చెప్పాలి, దేవుడు తమకు చేసిన మేలేమిటో అందరి ముందూ ఒప్పుకోవాలి. నాన్న సాక్ష్యం ఎప్పుడూ ఒకటే. నన్ను భుజం పట్టుకుని ముందుకు లాగి, "దేవుడు నాకు చేసిన మేలు ఇదిగోనండి, నా కూతురు. కంజర ఇదే వాయిస్తుందండి" అనేవారు. అందరూ నవ్వేవారు. చిన్నప్పుడు నాకదో గర్వం.

పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ గర్వం ఎటు పోయిందో పోయింది. ఇంగ్లీషు బడిలో చేరాను, ఇంగ్లీషు మాట్లాడే స్నేహితులు దొరికారు. ఆ ఏడు క్రిస్మస్‌కి వాళ్లు వెళ్లే చర్చిలోనే పాడమని నాన్నను పిలిచారు. ఆయన పొంగిపోయి చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నారు. నేను మాత్రం కడుపునొప్పి వస్తే బాగుండునని మొక్కుకున్నాను. రాలేదు.

స్టేజీ పక్కన నిలబడి ఉంటే నా క్లాసు పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఏయ్, ఆ కౌబాయ్ అంకుల్ ఎవరు? మీ డాడీయా?" అని కిసుక్కున నవ్వింది.

"నో లా! మా బిల్డింగ్‌లో ఉంటారు, అంతే" అని బడిలో అబ్బిన సింగపూర్ యాసలో అన్నాను. నా మొహం మండ, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఆ పిల్ల వెళ్లాక వెనక్కి తిరిగితే రెండడుగుల దూరంలో నాన్న. తలొంచుకుని గిటారు తీగలు సవరించుకుంటున్నారు. విన్నారో లేదో మొహంలో తెలియలేదు.

తెలిసింది మైకు ముందుకు వెళ్లాకే. సాక్ష్యం చెప్పాలి కదా. నా భుజం మీదికి రాబోయిన చేతిని ఆయన వెనక్కి తీసుకున్నారు. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, దేవుడు తనకు పాడే గొంతు ఇచ్చాడనీ, ఈ అమ్మాయి ఎవరో మంచివాళ్ల పిల్ల అనీ, దయతో కంజర వాయించడానికి వచ్చిందనీ, ఆమె అమ్మానాన్నలకు తన వందనాలనీ చెప్పి పాట అందుకున్నారు.

నా అబద్ధాన్ని ఆయన నిలబెట్టారు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు. మైకు మూరెడు దూరంలో ఉంది. నిజం చెప్పేస్తాను, ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు, హమ్మయ్య అనిపించింది. పాటయ్యాక ఆ పిల్ల తల్లి వచ్చి, పాపం ఆ ముసలాయనకు సాయం చేశావు, ఎంత మంచి పిల్లవో అని బుగ్గ నిమిరితే, "థాంక్యూ ఆంటీ" అన్నాను కూడా. గేటు దగ్గర పిల్లలు ఉన్నారని నాన్న బస్టాపు దాకా నా వెనకాల పది అడుగుల దూరంలో నడిచారు. బస్సెక్కాక "ఆకలేస్తోందా తల్లీ?" అని మాత్రం అడిగారు.

మరుసటి ఆదివారం సెరంగూన్ రోడ్డు దగ్గర అద్దె హాల్లో మా తెలుగు ప్రార్థన. అక్కడున్న ఆంటీలందరూ నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లే. నాన్న పాటకు లేచి, ఆగి, నా చెవి దగ్గరికి వంగి, "ఇవాళ ఏమని చెప్పమంటావమ్మా?" అన్నారు.

ఎత్తిపొడుపు అనుకుంటారేమో, కాదు. నిజంగానే అడిగారు. నేను తలొంచుకుని కంజర బిళ్లలు లెక్కపెట్టాను. జవాబు రాకపోయేసరికి ఆయన సాక్ష్యం చెప్పకుండానే పాట మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదటిసారి. ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "వయసు అలాంటిదిలే, ఊరుకో" అని తల నిమిరారు.

ఈ మధ్య యూ టీ మెట్రో స్టేషన్లో రైలెక్కాక నేను తెలుగులో కాస్త గట్టిగా మాట్లాడితే, మా మనవరాలు "అమ్మమ్మా, ఫ్రెండ్స్ చూస్తున్నారు లా" అని జరిగి నిలబడింది. దాని తల్లి కసురుకుంది. నేను మాత్రం ఏ మొహం పెట్టుకుని అంటాను?

నాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్లు పాడారు. "ఇదిగోనండి, నా కూతురు" అని మళ్లీ చెప్పారు కూడా. కాకపోతే ఆ మాట అనేముందు ప్రతిసారీ ఒక్కసారి ఆగి, నా మొహంలోకి చూసేవారు. నేను తలూపాకే అనేవారు.