చిన్నాయన నేసిన నెట్

పేపర్ల ఫొటోలల్ల మా చెల్లె కండ్లు మూసుకొని, చెవి వంచి బంతి కొడుతుంటది. అది స్టైల్ కాదు, చిన్నాయన నేసిన నెట్ పుణ్యం.

గద్వాలల మగ్గం నేసే మా చిన్నాయన, బిడ్డ టెన్నిస్ ఆడుతనంటే తనే నెట్ నేసిండు. చీర లెక్క బొక్కల్లేకుండ, జరీ అంచుతోని, మా తలలకంటె ఎత్తుగ నేసిండు. అవతల ఆడే నేను కనవడక, చెల్లె బంతి సప్పుడు వినుకుంటనే ఆట నేర్సింది.

హైదరాబాదుల మొదటి పోటీ. ఎదుటి పిల్ల నిండుగ కనవడేసరికి చెల్లె బెదిరి మొదటి సెట్ ఓడింది. అప్పుడు కండ్లు మూసుకొని, ఆ పిల్లతోని "అక్కా, జర సప్పుడొచ్చేటట్టు కొట్టు" అన్నది. ఆ పిల్ల పరేషానై ఓడిపోయింది.

చిన్నాయన అక్కడి నెట్ బొక్కల్ల వేలు పెట్టి చూసిండు.

"జరైతే మన పిల్ల ఓడిపోతుండె. ఎంత పట్నమైతే ఏంది, నేత రానోనితోని నేయిస్తరా?"