మగ్గం గుంతలో ఉడుము

మా అత్తకు నోరు పెద్దది, చెయ్యి మెత్తన. నోటి సంగతి కాపురానికొచ్చిన మొదటిరోజే తెలిసింది. చేతి సంగతి తెలిసేదానికి శానా ఏండ్లు పట్టింది.

బద్వేలు దావలో నేతగాళ్ల ఊరు మాది. ఇంట్లో అత్త, ఆయన, నేను, అంతే. నేనొచ్చిన ఆరో నెలలో ఆయనకు నడుము పట్టేసింది. గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే, లేచేటప్పుడు మేమిద్దరం చెరో రెక్క పట్టి లేపాల్సిందే. చివరికి కూర్చోవడమే చాలించినాడు. సగం నేసిన చీర మగ్గం మీదనే ఉండిపోయింది. నేసేవాడు చాప మీద పడుకుంటే పొయ్యి ఎట్లా రాజుతుంది? పక్కూరి నాటువైద్యుడొచ్చి చూసి, ఉడుము కొవ్వు కాచి నలభై దినాలు రుద్దితే మళ్లా మగ్గమెక్కుతాడు, దొరికితే కబురు చేయండి అని చెప్పిపోయినాడు. ఉడుమును యాడని తెస్తాం?

అదే వచ్చింది. అమావాస్య నాడు మేము మగ్గం ముట్టం, ఆ తావు ఊడవం కూడా. మర్నాడు చీపురు పట్టుకొని పోతే గుంతలో మూరెడు ఉడుము, గోడను కరుచుకొని ఉండాది. నేను అరిచిన అరుపుకు అత్త గోనెసంచి తీసుకొని వచ్చింది. ఉడుము పట్టు అంటారే, ఆపొద్దు కండ్లారా చూసినాను. గోడ మట్టి పెళ్లలుగా ఊడొచ్చిందిగానీ దాని గోరు ఊడలేదు. ఎట్లనో తీసి, నడుముకు నూలుతాడు కట్టి గుంజకు బిగించి, మీద గంప బోర్లించి, గంప మీద రుబ్బురోటి పొత్రం పెట్టినాం. అత్త మొగంలో నవ్వు చూసింది నేనొచ్చినాక అదే మొదలు. దేవుడే పంపించినాడు నా కొడుక్కు, అని వీధంతా చెప్పుకొచ్చింది.

వైద్యునికి కబురు పోయింది. రేపు పొద్దెక్కినాక వస్తాను, అంతవరకు దాని నడుము విరిచి పెట్టండి, లేకుంటే పారిపోతుంది అని తిరుగు కబురు పంపినాడు. రేపు పొద్దున్నే ఆ పని నేను చేస్తాలే అన్నది అత్త. చాప మీద నుంచి ఆయన విన్నాడు.

"నా నడుముకు దాని నడుమా అమ్మా?" అన్నాడు.

"నువ్వు గమ్మునుండప్పా" అన్నది అత్త. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మాపటేళ గంప కొంచెం ఎత్తి కోడిగుడ్డు పగలగొట్టి పెట్టినాను. అప్పుడు చూసినాను దాని వెనక కాలు. పచ్చనూలు పోగులు చిక్కు చిక్కుగా చుట్టుకొని కాలు వాచి ఉండాది. ఆ పోగులు నావే. నేతకు నూలు కండెలు చుట్టేటప్పుడు తెగిన తునకలు బయటికి తీసకపోయేదానికి ఒళ్లొంగక గుంతలోకి తోసేదాన్ని. దానికి నేనేసిన సంకెలే అది. పిన్నీసుతో ఒక్కో పోగూ తీసినాను. మొదట బుస కొట్టింది, తర్వాత మెదలకుండా ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇవతల ఇది, అవతల ఆయన మూలుగు. ఆయన లేచి కూర్చుంటే చాలని మొక్కని దేవుడు లేడు. అట్లాంటిదాన్ని, ఇప్పుడు ఎవరి పక్కన నిలబడాల?

తెల్లారి వీధిలో ఎవరిదో పడుగు నూలు పొడుగునా పరిచి గంజి పెడతాండారు. ఆ పనికి ఇంటికొక మనిషి పోవాల. అత్త పోయింది. నేను పొత్రం దించి, ముడి విప్పి, ఉడుమును సంచిలో వేసుకొని ఇంటెనక రాళ్లగుట్టకు పరుగెత్తినాను. కుంటుకుంటూ జెముడు పొదలో దూరింది. వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. అది ఎందుకు చూస్తుంది?

అత్త మోచేతుల దాకా గంజితో వచ్చింది. తాడు తెంచుకొని పోయింది అత్తా అని చెప్పినాను. దావంతా నెమరేసుకొచ్చిన మాట అది. ఆమె గంప ఎత్తి చూసింది, గుంజ చూసింది, ఆనెక చిలక్కొయ్య చూసింది. తాడు ఆడ ఉండాది, చక్కగా చుట్ట చుట్టి, కొన లోపలికి దోపి. ఎప్పుడు చుట్టినానో, ఎప్పుడు తగిలించినానో నాకే తెలియదు. పుట్టినప్పటి నుంచి నూలు చుట్టే చెయ్యి ఇది, దాని పని అది చేసేసింది.

"తాడు తెంచుకున్న ఉడుము, పోతా పోతా దాన్ని చుట్టి కొయ్యకు తగిలిచ్చిపోయిందా మ్మే?"

చాప మీద ఆయన నవ్వినాడు, నవ్వితే నడుము కలుక్కుమని అబ్బా అన్నాడు. నేను ఏడ్చేసినాను. అత్త తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే నాకు భయమయింది. ఉడుము చచ్చిపోయిందని వైద్యునికి కబురు పంపింది. చేతులు కడుక్కొని వచ్చి మగ్గం చూపించింది.

"దిగు గుంతలోకి. ఇడిసినదానివి నువ్వే, ఆ చీర దించేదీ నువ్వే."

ఆ ఇంట్లో అంతవరకు ఏ కోడలూ మగ్గమెక్కలేదు. కండెలు చుట్టేది ఆడోళ్లు, నేసేది మొగోళ్లు. నేను దిగినాను. ఆయన చాప మీద నుంచే ఏ కాలు తొక్కాలో, యాడ పోగు వదులైందో చెప్పేవాడు. నా మొదటి చీర అంచు పాము పోయినట్లు వంకర. కొన్ని నెల్లకు ఆయన లేచి తిరిగినాడుగానీ మగ్గం మాత్రం మళ్లా ఎక్కలేకపోయినాడు. నా తావులో కూర్చొని రాట్నం తిప్పి కండెలు చుట్టేవాడు. ఏమప్పా, గాజులు ఎప్పుడు తొడుక్కుంటావు అని వీధిలో నవ్వేవాళ్లు. నా చీర అమ్ముడుపోనీ, తొడుక్కుంటా అనేవాడు.

ఏండ్లు గడిచినాయి. గుంత ఎవరినీ ఊరికే వదలదు. ఒకరోజు నాకూ నడుము పట్టేసింది. అత్త అప్పటికి ముసలిదైపోయింది, కండ్లు సరిగ్గా ఆనవు. ఆముదం వెచ్చచేసుకొని వచ్చి, బోర్లా పడుకోమని, తడుముకుంటా రుద్దింది. కొంచెంసేపు రుద్ది అడిగింది.

"ఇప్పుడు దొరికితే ఇడుస్తావా మ్మే?"

నొప్పికి నాకు ఊపిరాడటం లేదు. పక్క గదిలో ఆయన రాట్నం కూడా ఆగింది.

"ఇడుస్తానత్తా" అన్నాను.

ఆమె చెయ్యి నా నడుము మీదనే మెత్తగా నిలిచింది. ఆనెక ఇంకొంచెం ఆముదం పోసుకొని మళ్లా రుద్దడం మొదలుపెట్టింది.