అమ్మకు కనబడేవాళ్ళు

మా మరదలంటే నాకు మొదటినుంచీ పడదు. ఇంత వయసొచ్చాక ఈ మాట దాచుకోవడం ఎందుకు? తమ్ముడి పెళ్ళిచూపులనాడే తలెత్తి నన్ను సూటిగా చూసి, "ఆడపడుచుగారు మీరేనా అండీ?" అని అడిగింది. కొల్లేటి లంకలో పెరిగిన పిల్ల, భయమూ భక్తీ తెలియవనుకున్నాను. అయినా అప్పటికి నాకున్నది అయిష్టమే. అసూయ అమ్మకు చూపు పోయాక మొదలైంది.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన రోజులవి. నాన్న పోయాక అమ్మ ఏలూరులో తమ్ముడి దగ్గర ఉండేది. వాడు కోర్టులో గుమాస్తా. మావారిది తాడేపల్లిగూడెం స్టేషన్లో గూడ్సు ఆఫీసు ఉద్యోగం. అమ్మకు ముందు పుస్తకంలో అక్షరాలు కనబడ్డం మానేశాయి, తరవాత బియ్యంలో రాళ్ళు, ఆ తరవాత మనుషుల మొహాలు. చివరికి వెలుగూ చీకటీ మాత్రం తెలిసేవి. శుక్లమైతే కోసి తీసేసేవాణ్ణనీ, ఇది కంటి వెనక నరం ఎండిపోవడమనీ, తన చేతిలో ఏమీ లేదనీ డాక్టరు చెప్పేశాడు.

ఆ మాట విన్నాక అమ్మ మంచం దిగలేదు. ఒంట్లో రోగమేమీ లేదు. గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. పెరుగమ్మే మనిషిని కూడా కబుర్లు చెప్పకుండా పంపని మా అమ్మకు ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. "ఇంకా ఎందుకే నేను? ఎవరికి ఉపయోగం?" అనేది, ఎప్పుడైనా నోరు విప్పితే.

నేను శనివారం శనివారం పాసింజరు ఎక్కి వచ్చేదాన్ని. గుండుగొలను చేలు దాటేసరికి, ఇవాళైనా నాతో మాట్లాడుతుందేమో అని ఆశ పుట్టేది. అమ్మకిష్టమని కొబ్బరిలౌజు చేసి తెచ్చేదాన్ని. వెనక వరండాలో ఆవిడ మంచం దగ్గర, స్తంభం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆవిడ కాళ్ళు పడుతూ, గూడెం కబుర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఆవిడ ఊఁ కొట్టేది. ఒకసారి మాత్రం, "దండెం మీద తెల్లపిట్ట వాలిందే" అంది. దండెం మీద తడిబట్టలు తప్ప ఏమీ లేవు. "పిట్టా లేదు, ఏమీ లేదమ్మా" అన్నాను. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లేచి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేశాను. ఆ తరవాత అమ్మ నా దగ్గర పిట్ట ఊసెత్తలేదు.

కొన్ని నెలలకు, ఒక శనివారం వీధి అరుగు ఎక్కుతుంటే లోపలినుంచి నవ్వు వినబడింది. అమ్మ నవ్వు! ఎగిరి గంతేయాలి కదా? వెయ్యలేదు. ఆ నవ్వు వెనకాలే మా మరదలి నవ్వూ వినబడింది మరి. నేను అడుగుపెట్టేసరికి ఇద్దరూ గప్‌చిప్.

"ఏమిటమ్మా అంత నవ్వు?" అన్నాను.

"అబ్బే, ఊరికేనండీ వదినగారూ" అంది మరదలు, వంటింట్లోకి జారుకుంటూ.

అమ్మ ఈమధ్య లేచి కూర్చుంటోందనీ, అన్నం సరిగ్గా తింటోందనీ తమ్ముడు సంబరపడుతూ చెప్పాడు. వాడి సంబరం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. రైలు పొగ మింగుకుంటూ వచ్చే కన్నకూతురికి ఊఁ కొట్టడమూ, నిన్నగాక మొన్న వచ్చినదానితో పకపకలూనా? ఆ వారమంతా గూడెంలో మావారి మీదా, వంటింట్లో గిన్నెల మీదా విరుచుకుపడుతూనే ఉన్నాను.

మరుసటి శనివారం వెళ్ళేసరికి అమ్మ వెనక వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. స్తంభం పక్కన పీట వేసే ఉంది. అలవాటుగా వెళ్ళి కూర్చోబోయాను.

"అయ్యో, అక్కడ కూర్చోకే!" అని అరిచింది అమ్మ.

నేను సగం వంగినదాన్ని అలాగే ఉండిపోయాను. మరదలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. నన్నూ పీటనూ చూసి, ఇంటికొచ్చిన చుట్టం సంగతి కనుక్కుంటున్నట్టు, "ఆకుపచ్చ చీరావిడే వచ్చారా అండీ, అత్తయ్యగారూ?" అంది.

అప్పుడు బయటపడింది సంగతి. అమ్మకు మనుషులు కనబడుతున్నారట. ఆడవాళ్ళు, తలపాగాలు చుట్టుకున్న మొగవాళ్ళు, పొట్టి పొట్టి పిల్లలు. వస్తారు, కూర్చుంటారు, పోతారు. ఒక్కరూ మాట్లాడరట.

నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. "ముసలావిడకు పిచ్చెక్కిస్తున్నావా? నల్లజర్లనుంచి భూతవైద్యుణ్ణి పిలిపిస్తానుండు!" అని మరదలి మీదికి లేచాను.

"నేనేం ఎక్కించలేదండీ. ఆవిడే చెప్పారండీ" అంది ఆ పిల్ల. "ఆయన కోర్టుకెళితే పొద్దస్తమానం ఇద్దరమే కదండీ ఇంట్లో. ఇవాళ ఎవరొచ్చారండీ, ఏం కట్టుకొచ్చారండీ అని అడుగుతానండీ. అంతేనండీ."

"దాన్నేమీ అనకు" అంది అమ్మ. నెలల తరబడి ఊఁ తప్ప వినని నాకు ఆ గొంతు కొత్తగా ఉంది. "నాకు పిచ్చి లేదే. అక్కడ ఎవరూ లేరని నాకూ తెలుసు. చెయ్యి పెట్టి తడిమి చూశాను, పీట తప్ప ఏమీ తగల్లేదు. అయినా కనబడుతున్నారు, ఏం చెయ్యను? బయటికి చెబితే వేపమండలతో కొట్టిస్తారని నోరు మూసుకున్నాను. మీకు తెలియకముందే చచ్చిపోతే బాగుండుననుకున్నాను. ఓ రోజు దీని దగ్గర నోరు జారాను. ఇది భయపడలేదు. చీర రంగేమిటండీ అని అడిగింది."

ఇదంతా విని నేను కరిగిపోవాలి. కానీ నా బుర్రకు ఒక్కటే పట్టింది.

"మొహాలు కూడా కనబడతాయా?" అన్నాను.

"ఎందుకు కనబడవూ? అంచుమీద జరీ పోగులతో సహా కనబడుతుంది. ఆవిడకు గడ్డం మీద పుట్టుమచ్చ కూడా ఉంది" అంది, పీటవైపు చూస్తూ.

భూతవైద్యుడి సంగతే మరిచిపోయాను. మా మరదలి మీద ఉన్న కోపం కూడా ఎటుపోయిందో తెలియదు. దాని మొహమూ అమ్మకు కనబడ్డం లేదు కదా, పాపం. నా కుళ్ళంతా ఆ పీటమీదికి మళ్ళింది. ఆ ఏడు నా జుట్టు ముందువైపు నెరిసింది, అమ్మకు తెలియదు. కొత్త ముక్కుపుడక పెట్టుకుని వచ్చాను, వేలితో తడిమి బాగుందంది. కడుపున పుట్టిన నా మొహం మసక కూడా కనబడదు. ఊరూ పేరూ లేనిది, ముక్కూ మొహం తెలియనిది, నా పీటమీద కూర్చుని పుట్టుమచ్చతో సహా కనబడుతుందా?

ఉండబట్టలేక అడిగేశాను. "మరి వాళ్ళల్లో నేనెప్పుడూ రాలేదా అమ్మా?"

అమ్మ చెయ్యి చాపి గాలిలో వెతుక్కుని నా ముంజెయ్యి పట్టుకుంది.

"నువ్విది అడుగుతావనే నీకు చెప్పలేదే" అంది.