తుడిచేసిన చుక్కలు

మా వైపు ఎండాకాలంలో మనుషుల కంటే ముందు కంప్యూటర్లు పడిపోతాయి. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట నాకో చిన్న రిపేరు షాపు ఉంది. మార్చి దాటిందంటే చాలు, పాత డెస్క్‌టాప్‌లను జ్వరం వచ్చిన పిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని బైకుల మీద తెస్తారు. చాలావాటికి రోగం ఒకటే, గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ గీసే ముక్క అది. దాని మీద ఒక చిన్న ఫ్యాను తిరుగుతుంటుంది. ఎర్రదుమ్మూ, బొగ్గు లారీల మసీ కలిసి ఆ ఫ్యాను రెక్కల్లో పేరుకుంటాయి. ఫ్యాను ఆగిపోతుంది, కార్డు ఉడికిపోతుంది, తెర మీద చుక్కలో చారలో మొదలవుతాయి. తెచ్చినవాళ్ళు మాత్రం "వైరస్ వచ్చింది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం పోయినా వైరసే వీళ్ళకు, ప్లగ్గు ఊడినా వైరసే.

ఒక్క మనిషి మాత్రం ఎప్పుడూ ఆ మాట అనలేదు. మా బజార్లో ఫొటో స్టూడియో నడిపే అన్న. రీలు కెమెరాల కాలం నుంచీ అదే పని. నెగెటివ్ మీద పడ్డ దుమ్ము చుక్కల్నీ, వానాకాలం పట్టిన బూజునీ సన్నటి బ్రష్షుతో కనపడకుండా చేయడం నేర్చుకుని ఆయన ఈ పనిలోకి వచ్చాడు. కంప్యూటర్ వచ్చాక బ్రష్షు పోయి మౌస్ వచ్చింది గానీ చెయ్యి మారలేదు. ముఖం మీద చుక్క కనిపిస్తే ఊరుకోలేడు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, పెద్దమనుషుల పులిపిర్లు ఆయన చేతిలో ఎన్ని మాయమయ్యాయో. "నీ దగ్గర ఫొటో దిగితే ఇంట్లో కుక్క కూడా గుర్తుపట్టదన్నా" అని మేం ఏడిపించేవాళ్ళం. ఆయన నవ్వేసేవాడు. మా దగ్గర గాలి గట్టిగా వీస్తే ఎక్కడో అడవిలో కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, కరెంటు పోతుంది. అందుకని నాలుగుసార్లు మౌస్ కదిపితే ఒకసారి సేవ్ కొట్టడం ఆయనకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. చేసిన పని పోగొట్టుకోకూడదని అంత జాగ్రత్త.

పోయిన వేసవిలో ఒక పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

"తమ్మీ, జల్దీ రా. సిస్టమ్ మొత్తం చారలు కొడ్తాంది. పెద్దాయన వచ్చి కూసున్నడు. ఇయ్యాల్నే ఫొటో ఇయ్యాలె."

సామాను సంచీ తీసుకుని వెళ్ళాను. స్టూడియోలో బల్ల మీద ఒక ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాగు అవతల, అడవి లోపలి పల్లె ఆయనది. భార్య జ్వరంతో పోయింది. మరుసటి రోజు దినాలు. రెండేళ్ళ కింద ఏదో కార్డు కోసం ఫొటోలు అడిగితే ఇద్దరూ ఈ స్టూడియోకే వచ్చి దిగారు. ఆ కాపీలు ఆఫీసుల్లో ఇచ్చేశారు. ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఆధార్ కార్డులో ఆమె ముఖం నల్లటి మరకలా పడింది తప్ప కన్నేదో ముక్కేదో తెలియదు. అంటే ఆ మనిషి ముఖం ఈ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"భయపడకు పెద్దాయనా," అన్నాను. "ఫొటో లోపల డిస్క్‌లో ఉంటది. ఖరాబైంది బొమ్మ చూపెట్టే కార్డు. అది మార్చితే అయిపాయె."

"నిన్ననే సారు మంచిగ చేసి పెట్టిండంట," అన్నాడాయన. "జర చూపెడితే చాలు బాబూ."

డబ్బా విప్పాను. అనుకున్నట్టే, ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము చాపలా అల్లుకుపోయి ఉంది. వేలితో తిప్పినా కదల్లేదు. కార్డు పీకి, దుమ్ము ఊది, అంచున ఉన్న ఇత్తడి రంగు పట్టీలను రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. చారలు తగ్గాయి గానీ, తెర నిండా పచ్చపచ్చటి చుక్కలు మిగిలాయి. ఒక విండో మూస్తే కొన్ని పోతున్నాయి, ఇంకోటి తెరిస్తే కొత్తచోట పుడుతున్నాయి. ఇలాంటప్పుడు నేనొక పరీక్ష చేస్తాను. తెర మీద ఉన్నదాన్ని అలాగే ఫొటో తీసే మీట నొక్కి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నా లాప్‌టాప్‌లో చూస్తాను. అక్కడ చుక్కలు కనపడకపోతే తప్పు కార్డుదే. చూశాను. ఒక్క చుక్క లేదు.

రోగం దొరికితే నాకు హుషారు వస్తుంది. ఆ హుషారులోనే అన్నాను. "చుక్కలు ఫొటోలల్ల లేవన్నా, ఉత్త తెర మీదనే ఉన్నయి. నీ ఫొటోలన్ని సాఫ్‌గ ఉన్నయి."

అన్న నా వైపు చూడలేదు.

"నాలుగైదు రోజుల సంది పడ్తున్నయి తమ్మీ. నెగెటివ్‌లకు బూజు పట్టినట్టు పాత ఫైళ్ళకు గిట్ల పట్టిందనుకున్న. ఈ పెద్దాయన ఫొటో నిన్న పొద్దంత కూసోని తుడిచిన. ఒకకాడ తుడిస్తే ఇంకోకాడ లేస్తున్నయి. అయినా ఇడిసిపెట్టలే." తెర మీది ఒక చుక్క మీద వేలు పెట్టాడు. "మరి నేను తుడిచిందేంది?"

సంచిలో ఉన్న వేరే కార్డు తీసి బిగించాను. తెర వెలిగింది, ఎక్కడా మచ్చ లేదు. అన్న ఆ ఫొటో తెరిచాడు. ముసలాయన తువ్వాలు సర్దుకుంటూ లేచి దగ్గరికొచ్చాడు. తెర మీద ఒక ముసలమ్మ ముఖం, కొత్తగా సున్నం వేసిన గోడలా నున్నగా ఉంది.

ఆయన చాలాసేపు చూశాడు.

"ఈమె ఎవరు సారూ?"

"మీ ఇంటామెనే పెద్దాయనా."

"పచ్చబొట్లేవి మరి?" ఆయన తన నుదురు మీద, కణతల మీద, గడ్డం మీద వేలితో పొడిచి చూపించాడు. "చిన్నప్పుడు పొడిపించుకున్నది. మిగతా సొమ్ములన్ని ఈడనే ఇడిసిపోవాలె, ఇవొక్కటే నా ఎంట వస్తయని అంటుండె. ఫొటోల అవి లేకుంటే ఆమె ఎట్లయితది?"

ముందురోజు తెర మీది పచ్చ చుక్కల మధ్య ఆమె నుదుటి మీది పచ్చ చుక్కలు కలిసిపోయాయి. అన్న చెయ్యి రెండింటినీ ఒకేలా తుడిచేసింది.

పాత ఫైలు కోసం డిస్క్ అంతా గాలించాను. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ నడిపాను. ఏం లాభం, నాలుగు చుక్కలకోసారి సేవ్ కొట్టిన మనిషి, దాని మీద దాన్నే రాసుకుంటూ పోయాడు. కెమెరాలోని మెమరీ కార్డులో ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు పడ్డాయో. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అన్నను తిడదామని అటు తిరిగాను. ఆయన అప్పటికే మౌస్ అందుకున్నాడు.

"నేను మళ్ళ పెడ్త పెద్దాయనా," అన్నాడు అన్న. "ఏడేడ ఉండెనో చెప్పు. అచ్చం అట్లనే పెడ్త."

ముసలాయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. వేలు చాచి నుదుటి మధ్య పెట్టాడు. "ఈడ." అన్న ఒక చుక్క పెట్టాడు. "కాదు, జర మీదికి." ఇంకోటి పెట్టాడు. "అంత పెద్దగ లేకుండె." చెరిపాడు. కణత దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. కళ్ళు మూసుకుని తన కణత తడుముకున్నాడు. గడ్డం తడుముకున్నాడు. మళ్ళీ నుదుటి మీదికి వచ్చాడు.

"ముందల ఉంటే తెలుస్తుండె," అన్నాడు. "దినాం చూసిన ముఖమే గదా. ఎన్నున్నయో ఎన్నడు లెక్కపెట్టలే."

అన్న మళ్ళీ పెట్టాడు, చెరిపాడు. ఆయన అవ్ అనడు, కాదనడు. బయట ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. చివరికి ఆయనే మౌస్ మీద ఉన్న అన్న చేతిని పట్టుకుని ఆపాడు.

"ఇగ వద్దు సారూ. నువ్వు పెట్టేకొద్ది నా కండ్లల్ల ఉన్న ముఖం గూడ మారిపోతాంది."

తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు ఆ ఇంట్లో దండ దేనికి వేశారో నాకు తెలియదు.