ఆరువందల యాభై భుజాల బాట

ఎర్రదిన్నె బడిలో ఉర్దూ, చరిత్ర చెప్పే మదార్ సాబుకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఆయన దారిని కోసుల్లో కొలవడు, ఖలీఫాల్లో కొలుస్తాడు. "గద్వాల ఎంత దూరం సాబ్?" అని ఎవరైనా పాపం అడిగితే, తొమ్మిది కోసులని చెప్పి ఊరుకోవచ్చు కదా! ఊరుకోడు. "నలుగురు ఖలీఫాలు, రెండు ఖాందాన్లు" అంటాడు. అడిగినవాడు నెత్తి గోక్కుంటూ నిలబడితే, అరుగు మీద కూర్చోబెట్టి మక్కా నుంచి మొదలుపెడతాడు. కథ బాగ్దాదు చేరేసరికి గద్వాల సంత విడిపోయి ఉంటుంది.

ఆ పిచ్చి ఊరంతా అంటుకుంది. ఊరు దాటగానే వచ్చే పెద్ద గుండు మదీనా అయింది. ఈతచెట్ల వాగు డమాస్కస్ అయింది. గద్వాల కోట బాగ్దాదు అయింది. "మా బొల్లిమేక డమాస్కస్ కాడ తప్పిపోయింది, ఎవరన్న చూసిన్రా?" అని జమ్ములమ్మ వీధి వీధీ తిరుగుతుంటే, అది విన్న పక్క ఊరి చుట్టం ఈ ఊళ్లో అందరికీ మతి తప్పిందనుకుని భోజనం కూడా చేయకుండా పోయాడు.

ఈ పిచ్చికి మూలం ఎవరో కాదు, మన మద్దిలేటే. ఆ సంగతి చాలా రోజుల దాకా మద్దిలేటికే తెలియదు.

మద్దిలేటిది వెట్టి. పటేలు చెన్నయ్య వేలు చూపిస్తే ఏ అధికారి మూటైనా నెత్తికెత్తుకోవాలి. ఎండా వానా లేదు, పండుగా పబ్బమూ లేదు. కూలి అని అడిగితే నోరు పడిపోతుంది. దానికి తోడు అతని ఎడమ కాలికి నారికురుపు వచ్చి మానింది గానీ మోకాలు సగమే వంగేది. అయినా మనిషికి రోషం ఎక్కువ. కుంటుతున్నావేంరా అని ఎవరైనా జాలిపడితే, వాళ్లకంటే నాలుగడుగులు ముందు నడిచి చూపించేవాడు.

బడి రిజిస్టర్లు నెలకోసారి గద్వాల సర్కారు కచేరీలో చూపించి తేవాలి. మదార్ సాబు కొత్తగా వచ్చినప్పుడు పటేలు ఆయన వెంట మద్దిలేటిని పంపాడు. సాబుకు సుల్తానా అని ఒక బక్క టట్టు గుర్రం ఉండేది. సాబు మాత్రం బక్క కాదు. ఆయన ఎక్కితే సుల్తానా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఇక తప్పదన్నట్టు నడిచేది.

ఊరు దాటగానే సాబు టట్టు ఆపాడు. "మద్దిలేటీ, నువ్వెక్కు. నేను నడుస్త."

"అయ్యో, ఏం మాట సాబ్! పటేలు చూస్తే నా ఈపు చీరుతడు."

"పటేలు లేడిక్కడ."

"లేకపోతే ఏంది? నేనేమన్న బిచ్చగాన్నా, మీరు దయతలిస్తే ఎక్కి కూసుండనీకి?"

సాబు గడ్డం దువ్వుకున్నాడు. మొండివాడికి దయ చూపితే పని జరగదని ఆయనకు అక్కడే అర్థమైంది. మాట మార్చి, "సరే గని, గింత బరువు గింత దూరం ఎట్ల మోస్తవు?" అని అడిగాడు.

"భుజం మారుస్త సాబ్. అరవై అడుగులు కుడి, అరవై అడుగులు ఎడమ. మా నాయిన నేర్పిండు. ఎర్రదిన్నె నుంచి గద్వాల కోట దాక ఆరునూర్ల యాభై భుజాలు. ఒక్కటి ఎక్కువ గాదు, ఒక్కటి తక్కువ గాదు."

అంతే! సాబు కళ్లు పెద్దవయ్యాయి. "యా అల్లా! ఆరువందల యాభయ్యా? పైగంబర్ సాహెబ్‌కు మొదటి వహీ, గదే దేవుని వాక్కు, దిగిన నాటి నుంచి బాగ్దాదు పడిపోయేదాక దాదాపు గన్నే ఏండ్లు! ఏడాదికో భుజం! అరే, మొత్తం తవారీఖు, అంత చరిత్రా, నీ బాట మీద పరిచి ఉన్నది గదరా!" అని ఆ ఎండలో ముఖం ఎర్రబడి చప్పట్లు కొట్టాడు. సుల్తానా బెదిరింది.

"ఇను. ఖలీఫా ఉమర్ సాహెబ్ జెరూసలేం పోయిండట. ఒక్కటే ఒంటె, తోడు ఒక నౌకరు. జర దూరం నువ్వెక్కు, జర దూరం నేనెక్కుత అని వంతులేసుకున్నరట. ఊరు చేరేసరికి నౌకరు వంతొచ్చింది. వద్దు సాబ్ అన్నా ఇనలే. నౌకరు పైన, ఖలీఫా కింద. గట్లనే లోపలికి పోయిన్రంటరు. అది దయ గాదు, వంతు. వంతు తప్పితే ఖలీఫాకైనా తప్పే. మరి నువ్వు వంతు తప్పుతవా?"

దయ అంటే మద్దిలేటి ఎక్కడు. వంతు తప్పుతావా అంటే మాత్రం ఎవడు ఊరుకుంటాడు? "నేనేంటికి తప్పుత? చెప్పున్రి, ఎవరి వంతు ఎంత?"

"పైగంబర్ సాహెబ్ కాలం ఇరవై మూడేండ్లు. అదబు కోసం, మర్యాదకు, ఇద్దరం నడుద్దాం. తర్వాత నలుగురు ఖలీఫాలు, నాలుగు వంతులు, నాలుగూ నావి. తర్వాత డమాస్కస్‌ల ఉమయ్యాలు, బాగ్దాదుల అబ్బాసీలు. ఆ రెండు వంశాలూ నీవి. నడిచేటోడు మూట మోయాలె."

"మీకు నాలుగు, నాకు రెండేనా?"

"మరి పెద్దోన్ని గదా!"

ఇది జరిగిన రోజు నుంచి రెండేళ్లపాటు, నెల నెలా అదే తంతు. పెద్ద గుండు దాకా ఇద్దరూ నడుస్తారు. అక్కడ సాబు సుల్తానా మీదికి ఎక్కుతాడు. మొదటి ఖలీఫా వంతు రెండు భుజాలే. అంత శరీరమూ పైకి చేరి సర్దుకునేలోపే దిగాల్సి వస్తుంది. మళ్లీ ఎక్కుతాడు, పది భుజాలు. దిగి ఎక్కుతాడు, పన్నెండు. మళ్లీ దిగి ఎక్కుతాడు, ఐదారు. పక్క చేలల్లో పనిచేసేవాళ్లు కొడవళ్లు దింపి చూసేవారు. "ఆ పెద్దమనిషి ఎక్కుడేంది, దిగుడేంది! టట్టుకు దిష్టి తీస్తుండా?" అని నవ్వేవారు.

ఈతచెట్ల వాగు రాగానే మద్దిలేటి ఎక్కేవాడు, సాబు మూట ఎత్తుకునేవాడు. ఎక్కిన కాసేపటికే మద్దిలేటికి కునుకు పట్టేది. పొద్దున కోడికూతతో లేచిన మనిషికి కాలు నొప్పి తీరి ఒళ్లు వాలిపోయేది. మధ్యలో మెలకువ వస్తే సాబు గొంతు వినిపించేది. మన్సూర్ ఖలీఫా బాగ్దాదును చక్రంలాగా గుండ్రంగా కట్టించిన సంగతో, కాగితం చేసే కార్ఖానాల సంగతో, నమాజు వరుసలో నవాబు పక్కన హమాలీ నిలబడితే కాదనే హక్కు ఎవరికీ లేదన్న సంగతో ఏదో ఒకటి నడుస్తుండేది. మళ్లీ కళ్లు తెరిచేసరికి కోట బురుజు కనిపించేది. తిరుగుదారిలో ఎర్రదిన్నె వైపు పోయే బండి ఏదో ఒకటి దొరికేది.

ఇంటికొచ్చాక మద్దిలేటి గొణిగేవాడు. "నాలుగు వంతులు ఆయనకు, రెండే నాకు. ఇదేం ఇన్సాఫు?"

భార్య తిరుపతమ్మ అగ్గిలో ఆజ్యం పోసేది. "అడుగరాదయ్యా! నోట్ల నాలుక లేదా?"

అడిగాడు కూడా. "ఆ నలుగురిల ఒక్కరి వంతు నాకియ్యున్రి సాబ్."

"తోబా తోబా! నలుగురినీ విడదీస్తవా?" అని సాబు చెంపలు వేసుకున్నాడు. చెమటతో చొక్కా అంతా తడిసి, భుజం మీద మూట తాడు వాత తేలి ఉంది. కళ్లలోని దొంగచూపు మాత్రం దాచుకోలేకపోయాడు. మద్దిలేటికి అది పిసినారి చూపులాగా కనిపించింది.

ఇంతలో బడికి ఒక జవాను కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గంట కొట్టాలి, తలుపులు తీయాలి, రిజిస్టర్లు మోయాలి. నడుముకు ఇత్తడి బిల్ల కడతారు. బిల్ల కట్టినవాడు సర్కారు మనిషి. అతన్ని ఏ పటేలూ వెట్టికి పిలవకూడదు.

మద్దిలేటికి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. "నాకు కావాలె సాబ్, ఆ బిల్ల. నేను సచ్చేలోపల ఒక్కనాడన్న, రాను పో అని పటేలుతోని అనాలె."

"రాసి పంపిన. నీ పేరే రాసిన," అన్నాడు సాబు.

పటేలు ఊరుకుంటాడా? మహబూబ్‌నగర్ నుంచి తనిఖీ సాబు వచ్చిన రోజు, బడి వాకిట్లో పటేలే ముందు నిలబడ్డాడు. సన్నగా, కళ్లద్దాలతో ఉండే, మాట తక్కువ మనిషి తనిఖీ సాబు. పటేలు చేతులు కట్టుకున్నాడు. "హుజూర్, వీడు మావోళ్ల వెట్టోడు. అక్షరం రాదు. వీడు గంట కొడితే మా ఊళ్లె పెద్దింటి పిల్లలు బడికొస్తరా? పైగా ఈ మాస్టరు సాబు వీన్ని టట్టెక్కిచ్చి తను మూట మోస్తుండు. ఊరంత నవ్వుతున్నది."

మదార్ సాబు ముందుకు వచ్చాడు. ఎప్పుడూ నవ్వే ముఖంలో ఆ రోజు నవ్వు లేదు. "హుజూర్, మదీనాల నమాజుకు రమ్మని మొట్టమొదటి అజా పిలిచింది ఎవరు? బిలాల్ సాహెబ్. హబ్షీ, నల్లజాతి మనిషి. ఒకప్పుడు బానిస. గంట కొట్టెటోని కులం అడిగితే, తవారీఖుల మొదటి పేజీ చింపుకోవాలె మనం."

"వనపర్తిల గుర్రాలెక్కిన హబ్షీలను మా తాత చూసిండు హుజూర్," అని మద్దిలేటి ధైర్యం చేసి అందించాడు. "మస్తు ఎత్తుంటరట."

తనిఖీ సాబు కళ్లద్దాల పైనుంచి చూశాడు. "తవారీఖు తెలుసా నీకు?"

"బాట మీద నేర్చుకున్న."

పటేలు కిసుక్కుమన్నాడు. తనిఖీ సాబుకు కూడా నవ్వొచ్చినట్టుంది. "అక్షరం రాదంటున్నరు. సరే, ఒక్క సవాలు. పెద్ద క్లాసు పిల్లలే తడబడతరు. చెప్తే నీ పేరు మంజూరు. నలుగురు ఖలీఫాల తర్వాత, బాగ్దాదు పడిపోయేదాక ఎన్నేండ్లు?"

మదార్ సాబుకు పొలమారినట్టు దగ్గు వచ్చింది. గోడ పక్కన తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ లెక్క సాబు ఎన్నడూ చెప్పలేదు. ఉమయ్యాలవి ఎన్నేళ్లని అడిగినప్పుడల్లా ఇలాగే దగ్గేవాడు.

పటేలు, "పోదాం పారా," అన్నాడు.

"రాను!" అన్నాడు మద్దిలేటి. ఆ మాట అంత గట్టిగా వస్తుందని అతనే అనుకోలేదు. "జర ఆగున్రి హుజూర్. నడిచి చూసుకుంట."

వాకిట్లోనే అటూ ఇటూ కుంటుతూ నడవడం మొదలుపెట్టాడు. భుజం మీద లేని మూటను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మార్చుకుంటున్నాడు. పిల్లలు నవ్వబోతే మదార్ సాబు కన్నెర్ర చేశాడు. "బాటంత ఆరునూర్ల యాభై భుజాలు... ఇద్దరం నడిచింది ఇరువై మూడు... నలుగురివి ముప్పై, అవి నేను మోసిన, నాకు బాగ తెలుసు... ఇరువై మూడు, ముప్పై, యాభై మూడు... తీసేస్తే..." టక్కున ఆగాడు. "ఆరునూర్లకు మూడు తక్కువ హుజూర్!"

తనిఖీ సాబు సంచిలోంచి పుస్తకం తీశాడు. పేజీ తిప్పాడు. కాగితం మీద కూడాడు, తీసేశాడు. "ఐదువందల తొంభై ఏడు," అని నెమ్మదిగా అన్నాడు. "ఈసవీ, క్రీస్తు శకం లెక్కల సరిగ్గ గంతే."

బడి గోల గోల అయింది. కానీ మద్దిలేటి కదలలేదు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఆయనవి ముప్పై. తనవి ఐదువందల తొంభై ఏడు. ఆ తాడు వాత, ఆ తడిసిన చొక్కా, ఆ దగ్గు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"సాబ్!" అని గర్జించాడు. "రెండేండ్ల నుంచి ఎంత మోసం చేసిన్రు!"

తనిఖీ సాబు బిత్తరపోయాడు. "ఏమైంది?"

"నాలుగు వంతులు నావి, రెండే నీవి అన్నడు హుజూర్! నేను మా ఇంట్ల నెలనెలా ఈయన్ను తిట్టిన!" ఆ కేకలో ఉన్నది కోపమో ప్రేమో అతనికే తెలియలేదు. రెండూ ఉన్నాయి.

మదార్ సాబు దొరికిపోయిన దొంగలాగా గడ్డం నిమురుకున్నాడు. "ఏం చేయమంటరు హుజూర్? కాలు బాగలేదు. ఎక్కమంటే ఎక్కడు. వంతంటే ఎక్కుతడు."

తనిఖీ సాబు కలం తీసి సంతకం పెట్టాడు. పటేలు తలపాగా సర్దుకుంటూ వెళ్లిపోతుంటే, తిరుపతమ్మ కొంగు తీసి భర్తను నిలదీసింది. "నాలుగు వంతులు నాలుగు వంతులని నా చెవులు తినకపోతివా?"

మరుసటి నెల మద్దిలేటి నడుముకు ఇత్తడి బిల్ల మెరుస్తోంది. ఊరి పొలిమేరలోనే సుల్తానా కళ్లెం పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "ఇగ ఖలీఫాల లెక్క చెల్లదు సాబ్. బాగ్దాదు పడిపోయిందని మీరే చెప్పిన్రు. ఈ ఒక్కసారి మొత్తం బాట మీరెక్కాలె."

"కుదరదు."

"అయితే భుజం భుజానికి వంతు. అరవై అడుగులు మీరు, అరవై అడుగులు నేను. ఈసారి మోసం నడువదు."

సాబు కాసేపు ఆలోచించాడు. "సరే. అయితే ముందు నేనెక్కుత!" అని చిన్నపిల్లాడిలాగా తోసుకుంటూ వచ్చి ఎక్కేశాడు. అంత ఆత్రం చూసి మద్దిలేటికి ఎంతో తృప్తి కలిగింది. పెద్దమనిషికి ఇన్నాళ్లకు సుఖం మీద మనసయిందనుకున్నాడు.

ఎక్కారు, దిగారు. దిగారు, ఎక్కారు. సాబు నడుం పట్టేసింది. సుల్తానా డమాస్కస్ దగ్గర కూలబడితే ఇద్దరూ బతిమాలి లేపారు. మద్దిలేటి ఈసారి రెప్ప వేయలేదు. ఒక్కో భుజం బయటికి లెక్కపెట్టాడు. ఆరునూర్ల నలభై ఎనిమిది సాబు నడిచాడు. ఆరునూర్ల నలభై తొమ్మిది సాబు ఎక్కాడు. కోట దర్వాజా అరవై అడుగుల దూరంలో ఉంది. కచేరీ జవాన్లు, బజారు జనం అంతా అక్కడే ఉన్నారు.

సాబు నెమ్మదిగా దిగి, మూట భుజానికి ఎత్తుకున్నాడు. "ఆరువందల యాభై. ఎవరి వంతు?"

మద్దిలేటి వేళ్లు మడిచి చూసుకున్నాడు. మళ్లీ మడిచాడు. ముందు తనే ఎక్కుతానని సాబు ఎందుకు అంత తోసుకొచ్చాడో అప్పుడు తెలిసింది.

"సాబ్... మళ్ల జేసిన్రు!"

"వంతు తప్పుతవా?" అన్నాడు మదార్ సాబు. చెమట కారుతున్న ఆ ముఖం నిండా నవ్వే. కళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. ఎర్రదిన్నె బడి జవాను మద్దిలేటి బిల్ల సరిచేసుకుని, నడుం నిటారుగా పెట్టి, టట్టు మీద గద్వాల కోటలోకి వచ్చాడు.